పారదర్శక చెక్క చేయబోతున్న కీర్తనకు

చి. కీర్తనకు మామయ్య ఆశీస్సులు.

ప్రాజెక్టుకి పారదర్శక పదార్థాలు తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. లోహమా, చెక్కా అని తేల్చుకోలేకపోతున్నావట. చెక్కే తీసుకో. 'పారదర్శక అల్యూమినియం' అని జనం పిలిచేది అసలు లోహమే కాదు. అల్యూమినియం, ఆక్సిజన్, నైట్రోజన్ కలిసిన సెరామిక్ అది. దాని పొడిని పలకగా మార్చాలంటే 1,800 డిగ్రీలు దాటిన కొలిమి కావాలి. కాలేజీ ల్యాబులో అయ్యే పని కాదు.

చెక్కను పారదర్శకంగా మార్చే పని 1992లోనే జర్మనీలో జీగ్‌ఫ్రీడ్ ఫింక్ చేశాడు, చెక్క లోపలి నిర్మాణం చూడ్డానికి. 2016లో స్వీడన్‌లోని కేటీహెచ్ అనే సాంకేతిక విశ్వవిద్యాలయంలో లార్స్ బెర్గ్‌లుండ్ బృందం, అమెరికాలో మేరీల్యాండ్ యూనివర్సిటీలో లియాంగ్‌బింగ్ హు బృందం దాన్ని కట్టడాలకు పనికొచ్చే సామగ్రిగా ముందుకు తెచ్చాయి.

మొదలుపెట్టే ముందు ఒక్కటి బాగా అర్థం చేసుకో. రంగు తీసేస్తే చెక్క తెల్లబడుతుంది, అంతే. అద్దం కాదు. బజ్జీలు కట్టిన కాగితం చూడు, నూనె పీల్చిన చోట అవతలి అక్షరాలు కనిపిస్తాయి. కాగితం నారల మధ్య గాలి పోయి నూనె చేరడమే కారణం. చెక్కలోనూ అదే. చెక్క నారల పదార్థమైన సెల్యులోజ్ వక్రీభవన గుణకం, అంటే కాంతిని ఎంత వంచుతుందో చెప్పే కొలత, సుమారు 1.53, గాలిది 1. ఆ తేడా ఉన్న ప్రతి గోడ దగ్గరా కాంతి చెదిరిపోతుంది. గాలి స్థానంలో గుణకం 1.5 చుట్టుపక్కల ఉండే ఎపాక్సీ, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెసిన్, నింపితే చెదరడం తగ్గుతుంది. కాబట్టి నీ శ్రద్ధలో ముప్పాతిక భాగం నింపడం మీద పెట్టు.

చెక్క బాల్సా తీసుకో, విమానాల మోడళ్ళు చేసేవాళ్ళ దుకాణాల్లో పలకలు దొరుకుతాయి. మందం 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు, ముక్క 5 సెంటీమీటర్ల చదరం. అంతకన్నా మందం ఇప్పుడు వద్దు. పక్కనే తెల్ల పొణికి ముక్కలు కూడా పెట్టి చూడు. కొండపల్లి బొమ్మలు చేసే కర్ర అది, తేలిక, మెత్తన. కానీ బొమ్మలవాళ్ళ దగ్గర మిగిలిన చిత్తు ముక్కలే అడుగు, దుంగ కొనకు. ఆ కర్ర వాళ్ళ బతుకుతెరువు.

చాలా పేపర్లలో సోడియం క్లోరైట్‌తో లిగ్నిన్‌ను, అంటే చెక్క నారలను అతికించి ఉంచే పదార్థాన్ని, మొత్తం తీసేయమని ఉంటుంది. నువ్వు ఆ దారి పట్టొద్దు. క్లోరిన్ డయాక్సైడ్ వాయువు వస్తుంది, అది ఊపిరితిత్తులకు విషం. పైగా చెక్కను పట్టి ఉంచేదే లిగ్నిన్. అది పోతే ముక్క నీళ్ళలోంచి తీసేటప్పుడే పీచుపీచుగా విడిపోతుంది. కేటీహెచ్‌వాళ్ళే 2017లో లిగ్నిన్‌ను ఉంచి, దానిలో రంగునిచ్చే భాగాలను మాత్రమే చంపే పద్ధతి ఇచ్చారు. అదే చెయ్యి.

రంగు పోగొట్టే ద్రావణం 500 గ్రాములకు లెక్క ఇది. సోడియం సిలికేట్ గట్టి పదార్థం లెక్కన 15 గ్రాములు, అంటే 40 శాతం ఉన్న పాకం అయితే 38 గ్రాములు. కాస్టిక్ సోడా 15 గ్రాములు. మెగ్నీషియం సల్ఫేట్ అర గ్రాము, ఎప్సమ్ సాల్ట్ అయితే ఒక గ్రాము. లోహాల జాడలను పట్టి ఉంచే రసాయనం డీటీపీఏ అర గ్రాము. చివర్న 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 67 గ్రాములు. మిగతాది డిస్టిల్డ్ వాటర్. కాస్టిక్‌ను నీళ్ళలో కొద్దికొద్దిగా వెయ్యాలి, నీళ్ళను కాస్టిక్ మీద పోయకూడదు. డీటీపీఏ, మెగ్నీషియం ఎందుకని మానెయ్యకు. నీళ్ళలోనూ చెక్కలోనూ ఉండే ఇనుము, మాంగనీసు జాడలు పెరాక్సైడ్‌ను విరగ్గొట్టి నురగ తెప్పిస్తాయి, బలమంతా చెక్కకు అందకుండానే పోతుంది. ఆ రెండూ దాన్ని ఆపుతాయి. అందుకే గిన్నె కూడా గాజుదే. అల్యూమినియం గిన్నెను కాస్టిక్ తినేస్తుంది. మూత బిగించకు, లోపల ఆక్సిజన్ పేరుకుంటుంది. కళ్ళద్దాలు, నైట్రైల్ గ్లవ్స్ లేకుండా సీసా మూత తియ్యొద్దు.

ముక్కలను ఆ ద్రావణంలో వేసి 70 డిగ్రీల దగ్గర ఉంచు. పలచని బాల్సాకి రెండు గంటల లెక్క పెట్టుకో, కానీ గడియారాన్ని నమ్మకు. ఒక ముక్కను మధ్యకు కోసి చూడు. అంచులు తెల్లగా, నడుమ లేత గోధుమరంగు గీత ఉంటే ఇంకా కాలేదు. ఆ గీత తర్వాత పసుపు మచ్చగా కనిపిస్తుంది. అయ్యాక వేడినీళ్ళతో నాలుగైదుసార్లు కడుగు.

ఇక అసలు పని. ఈ ముక్కను ఎట్టి పరిస్థితుల్లోనూ గాలికి ఆరనివ్వకు. నీరు పోతూ సన్నటి గోడలను దగ్గరకు లాగేస్తుంది, రెసిన్ వెళ్ళే దారులు మూసుకుపోతాయి. తడిగానే ఆల్కహాల్‌లో వెయ్యి, మూడుసార్లు, ప్రతిసారీ కొత్త ఆల్కహాల్, ఒక్కోసారి మూడు నాలుగు గంటలు. నీరు కొంచెం మిగిలినా ఎపాక్సీ పాలలా తెల్లబడుతుంది.

ఎపాక్సీ పలచగా ఉండేది, నెమ్మదిగా గట్టిపడేది కొను. కలిపాక గంటకు పైగా ద్రవంగా ఉండాలి. రెండు భాగాలనూ తూకంతో కలుపు, చూపు లెక్క పనికిరాదు. వేసవిలో మన దగ్గర మధ్యాహ్నం 40 డిగ్రీల్లో గంట కాస్తా అరగంట అయిపోతుంది, తెల్లవారుజామునే చెయ్యి. ముక్కను ఎపాక్సీలో ముంచి డెసికేటర్‌లో, అంటే గాలి లాగేయడానికి వీలైన మూత పాత్రలో, పెట్టి పది నిమిషాలు వాక్యూమ్ లాగు. బుడగలు పొంగుతాయి, ఆల్కహాల్ వెళ్ళిపోతోందన్నమాట. దగ్గర్లో నిప్పు, స్పార్క్ ఉండకూడదు. తర్వాత మెల్లగా గాలి వదులు. ఆ గాలి ఒత్తిడే రెసిన్‌ను లోపలికి తోస్తుంది. ఇలా మూడుసార్లు. మూడోసారి కూడా బుడగలు ధారగా వస్తుంటే ఇంకోసారి లాగు. ఆల్కహాల్ మిగిలితే ముక్క వారమైనా జిగటగానే ఉంటుంది. చివరికి పాలిస్టర్ ఫిల్మ్ పరిచిన రెండు గాజు పలకల మధ్య పెట్టి, బరువు ఉంచి, ఒక రోజు కదపకు.

పరీక్ష ఇలా చెయ్యి. ముక్కను దినపత్రిక మీద ఆనించు, అక్షరాలు స్పష్టంగా కనబడతాయి. రెండు వేళ్ళ ఎత్తు లేపు, అక్షరాలు కరిగిపోయి బూడిదరంగు వెలుగు మిగులుతుంది. భయపడకు. అది హేజ్, అంటే అవతలికి వెళ్ళే కాంతిలో చెదిరిపోయే భాగం. 2016 కేటీహెచ్ నమూనా, 1.2 మిల్లీమీటర్లది, 85 శాతం కాంతిని పంపింది, హేజ్ 71 శాతం. రిపోర్టులో రెండు అంకెలూ రాయి. ఒకటే రాస్తే చదివేవాడిని మోసం చేసినట్టే. 'ప్లాస్టిక్ లేనిది' అని కూడా రాయకు, లోపల నింపింది ఎపాక్సీయే కదా. కిటికీలో నెలల తరబడి ఎండ తగిలితే మిగిలిన లిగ్నిన్, ఎపాక్సీ రెండూ పసుపెక్కుతాయి. ఒక ముక్కను దానికోసమే వేరుగా ఉంచి, తేదీ వేసి, వారానికోసారి ఫోటో తియ్యి.

మొదటిసారి ఆరు ముక్కలకు తక్కువ వెయ్యకు. తెల్లమచ్చలు అంచున వచ్చాయో, నడుమన వచ్చాయో చూసి నాకు పంపు.

ఆశీస్సులతో,
మామయ్య