మౌత్‌వాష్ పుక్కిలిస్తున్నా పళ్ల పాచి పోవడం లేదేం?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని భయపడి పైపైనే తోముకుంటున్నాను. మెడికల్ షాపులో ఇచ్చిన క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌ను నెలన్నరగా రోజుకు రెండుసార్లు పుక్కిలిస్తున్నాను. అయినా పళ్ల మీద నాలుక పెడితే జిగురుగానే తగులుతోంది. పైగా పళ్లు గోధుమ రంగుకు తిరిగాయి. ఇంకా స్ట్రాంగ్ మందు వాడాలా?

జవాబు: అక్కర్లేదు. మందు మంచిదే. బ్రష్ చేయాల్సిన పనిని మీరు దానికి అప్పగించారు, అదే ఇబ్బంది.

నీళ్ల తొట్టి గోడకు పట్టిన పాచి చూసే ఉంటారు. బ్లీచింగ్ పౌడర్ చల్లి వదిలేస్తే రంగు వెలిసిపోతుంది గానీ, చెయ్యి పెడితే జారుతూనే ఉంటుంది. కొబ్బరిపీచుతో రుద్దితేనే ఊడుతుంది. పళ్ల మీద పట్టేదాన్నీ మనవాళ్లు పాచి అనే అన్నారు, సరిగ్గానే అన్నారు. వైద్యంలో దీన్ని బయోఫిల్మ్ అంటాం. బ్యాక్టీరియా తాము తయారుచేసుకున్న జిగురులోనే కూరుకుని గుంపుగా బతుకుతుంది. స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే రకమైతే మనం తిన్న చక్కెరతోనే ఆ జిగురు అల్లుకుంటుంది. పుక్కిలించినప్పుడు ఈ పొర నీటి తాకిడికి కాస్త సాగుతుంది, తాకిడి ఆగగానే మళ్లీ సర్దుకుంటుంది.

క్లోర్‌హెక్సిడిన్ పైవరసలో ఉన్న బ్యాక్టీరియాను చంపుతుంది. దానికి ధనావేశం ఉంటుంది, జిగురులో ఋణావేశం ఎక్కువ. అందుకని చాలావరకు పైనే అతుక్కుపోయి, అర నిమిషంలో లోపలికి చేరేది కొద్దిగానే. చచ్చినవి ఎక్కడివక్కడే ఉంటాయి, వాటి మీద కొత్తవి చేరతాయి. 1680ల్లోనే హాలండ్‌లో, సూక్ష్మదర్శినితో సూక్ష్మజీవులను చూసిన లేవెన్‌హుక్ తన పళ్ల పాచి మీద వెనిగర్ ప్రయోగించి, పైనున్న జీవులే చచ్చాయని గమనించాడు.

రసాయనం తగిలితే పొర మెత్తబడుతుందనుకోవడమూ పొరపాటే. కొన్ని దాన్ని బిగిస్తాయి. లాలాజలంలోని కాల్షియం జిగురు పోగుల మధ్య వంతెనలా నిలుస్తుంది, ఫాస్ఫేట్‌తో కలిసి గడ్డకడితే అదే గార. ఆస్పత్రుల్లో పొట్ట లోపల చూసే గొట్టం, అంటే ఎండోస్కోప్‌ను ఎంజైమ్ ద్రావణంతో, బ్రష్‌తో బాగా కడిగాకే గ్లూటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారక మందులో నానబెడతారు. కడగకుండా ముంచితే మురికిలోని ప్రొటీన్ గట్టిపడి గొట్టం లోపలే అంటుకుపోతుంది. ఇక సిట్రిక్ ఆమ్లం కాల్షియాన్ని లాగేసి ఇలాంటి పొరను వదులు చేయగలదు. ఇది చదివి నిమ్మచెక్కతో పళ్లు రుద్దేరు! పంటి గట్టి పైపొర ఎనామెల్‌లో ఉన్నదీ కాల్షియమే, ముందు అది అరిగిపోతుంది.

మీరు ముందుగా డెంటిస్టు దగ్గర స్కేలింగ్ చేయించుకోండి, అంటే గార గీకించుకోండి. గారను ఇంట్లో బ్రష్‌తో తీయలేం. స్కేలింగ్‌తో పళ్లు వదులవుతాయన్నది అపోహ. గార తీశాక పళ్ల మధ్య సందులు కనిపిస్తాయి, అంతే. మీ గోధుమ మరకలు క్లోర్‌హెక్సిడిన్ వల్ల వచ్చినవే అయివుంటాయి. టీ, కాఫీ తాగేవారిలో ఇంకా ఎక్కువ. అవీ అప్పుడే పోతాయి.

తర్వాత మెత్తటి బ్రష్‌ను చిగురు అంచుకు ఏటవాలుగా ఆనించి, చిన్నచిన్నగా కదుపుతూ రెండేసి నిమిషాలు ఉదయం, రాత్రి తోముకోండి. మొదటి వారం పది రోజులు రక్తం కనిపించవచ్చు. దానికి జడిసి బ్రష్ ఆపితే పాచి పేరుకుని రక్తం ఇంకా ఎక్కువవుతుంది. పళ్ల సందుల్లోకి బ్రష్ వెళ్లదు, అక్కడికి ఫ్లాస్ అనే సన్నటి దారం గానీ సన్నటి ఇంటర్‌డెంటల్ బ్రష్ గానీ కావాలి.

మౌత్‌వాష్ ఇప్పటికి ఆపేయండి. స్కేలింగ్ తర్వాత డెంటిస్టు అవసరమంటే రెండు వారాలు వాడితే చాలు. పేస్టుతో తోముకున్న అరగంటకు గానీ పుక్కిలించకండి, పేస్టులోని నురుగు పదార్థం దాని పనిని తగ్గిస్తుంది.

ఇవన్నీ చేసినా మూడు వారాల తర్వాత రక్తం వస్తుంటే షుగర్, రక్త పరీక్షలు చేయించుకోండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఆ సంగతి స్కేలింగ్‌కు ముందే చెప్పండి, వాటిని మీ అంతట మీరు ఆపకండి.