ఆ మాట ప్యాసేజ్‌లో ఎక్కడుంది?

పోటీ పరీక్షల్లో వచ్చే ప్యాసేజ్ ప్రశ్నల మీద సీమ పాఠకులు అడిగినవాటికి మా భాషా అధ్యాపకుల జవాబులు.

ప్రశ్న: బ్యాంక్ పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) ప్రిలిమ్స్‌కు చదువుతున్నాను. ప్యాసేజ్ బాగానే అర్థమవుతుంది. ఐదు ఆప్షన్లలో మూడు కొట్టేస్తాను. మిగిలిన రెండింట్లో ఎప్పుడూ తప్పుదే పెడతాను. ఎందుకిలా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఆ రెండింట్లో ఒకటి సరైనది. రెండోది పేపర్ సెట్టర్ అన్నిటికన్నా ఎక్కువ కష్టపడి రాసింది. మీకు తెలిసిన పంటతోనే చూద్దాం. ఈ పేరా చదవండి:

"అనంతపురం జిల్లాలో వేరుసెనగ ఎక్కువగా వానల మీదే ఆధారపడిన పంట. ఊడలు దిగి కాయ ఊరే రోజుల్లో వాన ముఖం చాటేస్తే దిగుబడి బాగా పడిపోతుంది. అందుకే కొందరు రైతులు మధ్యలో కంది సాళ్లు వేస్తున్నారు. కంది వేరు లోతుకు పోతుంది కాబట్టి బెట్టను కొంత తట్టుకుంటుంది."

పేరాను బట్టి సరైనది ఏది?
1. వేరుసెనగ రైతులు కందికి మారిపోతున్నారు.
2. బెట్ట వచ్చినా కంది దిగుబడి తగ్గదు.
3. అనంతపురం తక్కువ వర్షపాతం ఉన్న జిల్లా.
4. వాన ఎప్పుడు ఎగ్గొట్టింది అన్నదాన్ని బట్టి కూడా వేరుసెనగ నష్టం ఉంటుంది.

ఒకటోది ఇట్టే పోతుంది: పేరాలో 'కొందరు', 'మధ్యలో సాళ్లు' అని ఉంది, మారిపోవడం ఎక్కడా లేదు. రెండోది 'కొంత తట్టుకుంటుంది'ని 'తగ్గదు' చేసేసింది. అసలు గుంట మూడోది. అది నిజమే. బుడ్డల చేను చూసి పెరిగిన మీకు అది నిజమని ఇంకా బాగా తెలుసు, అందుకే చెయ్యి అటే పోతుంది. కానీ ఈ నాలుగు వాక్యాల్లో వర్షపాతం ఎంతో ఎక్కడా చెప్పలేదు. తెలిసిన విషయం మీద ప్యాసేజ్ వస్తే తేలికని సంబరపడతాం గానీ, అప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి.

నాలుగోదాంట్లో 'ఊడలు', 'కాయ' అన్న మాటలే లేవు. చాలామంది దాన్ని కొట్టేసేది అందుకే. పేరాలోని మాటలు అచ్చంగా దించిన ఆప్షన్ కన్నా, అదే సంగతిని వేరే మాటల్లో చెప్పిన ఆప్షనే తరచుగా జవాబవుతుంది.

కాబట్టి రెండు మిగిలినప్పుడు ప్యాసేజ్ మొత్తం మళ్లీ చదవొద్దు. ఆ రెండు ఆప్షన్లను పక్కపక్కన పెట్టి, ఏ మాట దగ్గర విడిపోతున్నాయో చూడండి. ఆ ఒక్క మాటనే పట్టుకుని ప్యాసేజ్‌లోకి వెళ్లండి. వేలు పెట్టి చూపించగలిగే వాక్యం దొరికితే ఉంచండి, లేకపోతే కొట్టేయండి. ఇంగ్లిష్‌లో ఆల్, ఓన్లీ, నెవర్, మస్ట్ కనిపిస్తే ఈ పని తప్పనిసరి. అలాగని అవి ఉన్న ప్రతిదీ తప్పని గుడ్డిగా కొట్టేయకండి, ప్యాసేజే 'ఓన్లీ' అని ఉంటే అదే జవాబు. ఇంకోటి: ఆప్షన్‌ను చివరిదాకా చదవండి. మొదటి సగం ఒప్పు, 'బికాజ్' తర్వాత తప్పు ఉండేవి చాలానే వస్తాయి.

ప్రశ్న: రెండు ఆప్షన్లు మిగిలి ఎటూ తేలకపోతే వదిలేయాలా? నెగెటివ్ మార్కులంటే భయం.
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: వదలకండి. బ్యాంక్ ప్రిలిమ్స్‌లో తప్పుకు పావు మార్కు పోతుంది. ఐదింట్లో గుడ్డిగా పెడితే లాభం, నష్టం సరిసమానం. కారణం చూపి మూడు కొట్టేశాక పెడితే సగటున 0.375 మార్కు లాభమే. కాకపోతే కొట్టేసినవి 'ఎందుకో నచ్చలేదు' అని కొట్టేసినవైతే ఈ లెక్క పనిచేయదు. ఇంగ్లిష్ మొత్తానికి 20 నిమిషాలే కాబట్టి, ఒక్క ప్రశ్న దగ్గర నిమిషం దాటి కూర్చోవద్దు. ఏపీ టెట్ (టీచర్ల అర్హత పరీక్ష)లో అయితే నెగెటివ్ మార్కులే లేవు, ఒక్కటీ ఖాళీగా ఉంచకండి. అక్కడ దెబ్బతీసేది 'సరికానిది ఏది?' అన్న ప్రశ్న. కంప్యూటర్ తెర మీద గీత గీయలేం కదా, రఫ్ కాగితం మీద 'కానిది' అని రాసుకుని అప్పుడు ఆప్షన్లు చూడండి.

ప్రశ్న: సివిల్స్ ప్రిలిమ్స్ రెండో పేపర్ సీశాట్‌లో 'అజంప్షన్' ప్రశ్నలు అంతుపట్టడం లేదు. ఇన్ఫరెన్స్‌కూ దానికీ తేడా ఏమిటి?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: ఇన్ఫరెన్స్ అంటే రచయిత చెప్పినదాని నుంచి మనం తేల్చుకునేది. అజంప్షన్ అంటే రచయిత పైకి అనకుండా నమ్మి, దాని మీద వాదన కట్టుకున్నది. దాన్ని పట్టుకోవడానికి ఆప్షన్‌ను తిరగేసి చూడండి. "చెరువుల్లో పూడిక తీస్తే చుట్టుపక్కల బోర్లలో నీళ్లు పెరుగుతాయి. కాబట్టి పంచాయతీలు ముందు దానికే డబ్బు పెట్టాలి" అని ఉందనుకోండి. 'పూడిక తీసిన చెరువులోకి నీళ్లు చేరతాయి' అన్నదాన్ని తిరగేయండి: నీళ్లు చేరవు. వాదన కుప్పకూలింది, కాబట్టి అది అజంప్షన్. 'పూడికతీత కన్నా చవకైన పని లేదు' అన్నదాన్ని తిరగేయండి: చవకైనది ఇంకోటి ఉంది. ఉన్నా రచయిత మాట నిలబడుతుంది, కాబట్టి కాదు.

'క్రక్స్', అంటే ప్యాసేజ్ మొత్తం సారం, అడిగితే ఒక్క వాక్యానికే సరిపోయే ఆప్షన్ వద్దు, అది నిజమైనా సరే. ఈ పేపర్‌లో 80 ప్రశ్నలకు 200 మార్కులు, రెండు గంటల టైం. 33 శాతం వస్తే చాలు, కానీ తప్పుకు మూడో వంతు పోతుంది. ప్రతి ప్యాసేజ్‌నూ గెలవాలని పంతం పట్టాల్సిన పనిలేదు.

ప్రశ్న: మా అమ్మాయి రోజూ మోడల్ పేపర్లు చేస్తోంది, మార్కులు మాత్రం కదలడం లేదు. ఇంకా ఎన్ని చేయించాలి?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: పేపర్లు తగ్గించండమ్మా. రోజుకు రెండు ప్యాసేజ్‌లు చాలు. తప్పైన ప్రతి ప్రశ్నకూ నోటుబుక్కులో మూడు సంగతులు రాయమనండి: జవాబు ఏ వాక్యంలో ఉంది, తను పెట్టినదాంట్లో ఏ మాట ప్యాసేజ్‌లో లేదు, దానికి ఎందుకు మోసపోయింది. మూడోదాని దగ్గర 'తొందరపడ్డాను' అని రాస్తే ఒప్పుకోవద్దు. 'కొందరు అన్నది అందరూ అని చదివాను' అన్నంత వివరంగా ఉండాలి. పదిహేను రోజుల తర్వాత ఆ పేజీలు తిరగేస్తే, అమ్మాయి ఎక్కువసార్లు పడే గుంట ఏదో తనకే కనిపిస్తుంది.