సీరియల్ చూస్తోందిలే అమ్మా!

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకామె రాశారు. వయసు 36, ఇద్దరు పిల్లలు, ఎప్పుడో చేసిన బీఎస్సీ. ఇప్పుడు ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ చదువుల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో, పైథాన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాష మీద 12 వారాల కోర్సు చేస్తున్నారు. అక్కడ పరిచయమైన ఆరుగురితో రాత్రి తొమ్మిదింటికి గూగుల్ మీట్‌లో కూర్చుని పాఠాలు చర్చించుకుంటారు. వాళ్లంతా బీటెక్ పిల్లలు. ‘కెమెరా ఆన్ చేయమంటున్నారు. చూసి ఆంటీ అంటారేమో, డౌట్ అడిగితే నవ్వుతారేమో. గ్రూపులోంచి తప్పుకోనా?’ అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా, ఆంటీ అంటే అననివ్వండి. నచ్చకపోతే అక్కా అనమనండి. గ్రూపు మాత్రం వదలొద్దు. ఇలాంటి కోర్సుల్లో ఒక్కరే వీడియోలు చూసుకునేవాళ్లు చాలామంది సగంలోనే ఆగిపోతారు. మీరు ఎనిమిదో వారం దాకా వచ్చారంటే, ‘అసైన్‌మెంట్‌కి ఈ రాత్రికే గడువు’ అని మెసేజ్ పెట్టే ఆ పిల్లల పుణ్యం కూడా ఉంది. వాళ్లలో ఒకరికి ఫర్ లూప్ అనే పాఠం మీరే అర్థమయ్యేలా చెప్పారట కదా, ఇంక నవ్వేదెవరు?

నేను ఆగిపోయింది ఉత్తరం చివర్లో, మీరు మాటవరసకు రాసిన చోట. ‘రాత్రిపూట తలుపేసుకుని ఎవరితోరా ఆ మాటలు?’ అని మీ అత్తగారు అడిగితే, మీ వారు పేపర్‌లోంచి తలెత్తకుండా ‘సీరియల్ చూస్తోందిలే అమ్మా’ అన్నారట. పాఠాలకు పైసా అక్కర్లేదు, ఫీజంతా పరీక్షకే. ఆ ఫీజు కట్టింది ఆయనే. కట్టిన మనిషికి ‘చదువుకుంటోందమ్మా’ అనడానికి నోరు రాలేదు! ‘గొడవెందుకని సర్దేశారు’ అంటున్నారు మీరు. నాకైతే అలా అనిపించలేదు. ఆయనకు నామోషీ. సీరియల్ అన్నారు కాబట్టే పాలు పొంగుతుంటే మిమ్మల్నే కేకేస్తారు, మీరు మ్యూట్ నొక్కి వంటింట్లోకి పరుగెత్తుతారు. కెమెరా అంటే భయం కూడా ఆ పిల్లల వల్ల కాదు, వెనకాల ఎవరు తలుపు తీస్తారోనని.

మీ అత్తగారిని నేనేమీ అనను. చెప్పని సంగతి ఆవిడకెలా తెలుస్తుంది? మీరు మాత్రం పక్కనే ఉండి నవ్వి ఊరుకున్నారు. కటువుగా అంటున్నానేమో గానీ, ఆ అబద్ధంలో మీకూ వాటా ఉంది.

అయినా అదెన్నాళ్లు నిలుస్తుంది? అసైన్‌మెంట్లకు 25 మార్కులే. మిగతా 75 పరీక్షకి. అది ఇంట్లో కూర్చుని రాసేది కాదు, సెంటర్‌కి వెళ్లి రాయాలి. మీరు విజయవాడ పెట్టుకున్నారు. పొద్దున్నే మీరు బస్సెక్కుతుంటే ఆయనేం చెబుతారు, సీరియల్ చూడ్డానికి బెజవాడ వెళ్తోందనా?

ఈ ఆదివారంలోపు ఆయన్ని కూర్చోబెట్టి మాట్లాడండి. ‘అత్తయ్యగారికి మీరే చెప్పండి, నేను చెప్పను’ అనండి. మీరు చెబితే సంజాయిషీ అవుతుంది, కొడుకు చెబితే ఇంటి సంగతి అవుతుంది. హాల్ టికెట్ ప్రింట్ తీయించుకొచ్చేదీ, పరీక్ష రోజు మిమ్మల్ని బండి మీద బస్టాండులో దింపేదీ ఆయనే కావాలి. రాత్రి తొమ్మిదింటికి ఆ పాలగిన్నె ఎవరు దించుతారో కూడా అప్పుడే తేల్చుకోండి.