పదహారేండ్ల బత్తాయి తోట కౌలుకు పట్టే ముందు

బిడ్డా,

గుర్రంపోడు దిక్కు ఆరెకరాల బత్తాయి తోట కౌలుకు మాట్లాడుకున్నవని మీ అమ్మ చెప్పింది. ఉద్యోగం చేసుకుంటూనే మట్టి మీద మనసు పెట్టినందుకు సంతోషం. కానీ తోట వయసు పదహారేండ్లనీ, విరగబూసిందని చూసి నువ్వు ఒప్పుకున్నవనీ విన్నంక భయమైతుంది. వేరు చెడ్డ చెట్టు కూడా ఎండిపోయే ముందు ఆకు కనపడకుండా పూస్తది. ఆ పూత చూసి బయానా ఇయ్యకు.

బత్తాయి అయిదో ఏట కాపుకొస్తది. ఎనిమిది నుంచి పదిహేను దాకా నిండు కాపు. బాగా సాకితే ఇరవై దాటినా కాస్తది, సాకకపోతే పన్నెండుకే ముసలిదైతది. అందుకే వయసు అడుగుడు కాదు, వేరు చూడాలె.

ముసలి తోటలల్ల పాత తప్పు ఒకటే ఉంటది: చెట్టు పెరిగింది, పాది పెరగలేదు. మొక్కనాడు మొదలు చుట్టూ రెండడుగుల పాది తీసి, అదే పాదిల పదహారేండ్లు నీళ్లు, ఎరువు పోస్తరు. బలం గుంజే సన్న వేర్లు ఎప్పుడో కొమ్మల కొసల కిందికి పోయినయ్. మొదట్ల పోసిన యూరియా వాటికి అందదు. నీళ్లు కాండానికి తగిలి నిలిస్తే బంక తెగులు పడుతది, బెరడు పగిలి జిగురు కారుతది. కాపు తగ్గిందని ఇంకింత ఎరువు, ఇంకింత నీళ్లు అక్కడే పోస్తరు. జబ్బును చేతులార పెంచినట్టే. దాని మీద ట్రాక్టరు తెచ్చి కొమ్మల కింద లోతుగ దున్నుతరు. బత్తాయి వేర్లు పైపైనే, అడుగు రెండడుగుల లోపలే ఉంటయ్. తెగిన ప్రతి వేరూ కుళ్లుకు తలుపే. ఒక పక్క కొమ్మలు ఎండుడు మొదలైందంటే ఆ పక్క వేర్లు పోయినట్టే లెక్క.

కొమ్మల కొసల కింద అడుగు లోతు తవ్వి, సన్న వేరును రెండు వేళ్లతో గుంజు. పైపొర ఊడి నడిమి దారం మిగిలిందంటే కుళ్లింది. తోట నలుమూలలా ఇరవై చెట్లు చూడు. అయిదింటికి మించి అట్లుంటే ఆ తోట వద్దు తల్లీ, ఎంత తక్కువకిచ్చినా వద్దు.

వేరు బాగుంటే ముందు పాది మార్చు. మొదలు చుట్టూ రెండడుగుల దూరంల మట్టికట్ట, కొమ్మల కొస దాటి అడుగు బయట ఇంకో కట్ట. నీళ్లు ఆ రెండింటి నడుమనే. డ్రిప్పుంటే పైపు గుండ్రంగ తిప్పి చెట్టుకు ఆరు డ్రిప్పర్లు పెట్టు. అంటు కట్టిన చోటు మట్టిల పూడి ఉంటే తోడెయ్యి.

ఎరువు అయిదేండ్లు దాటిన చెట్టుకు ఏడాదికి 1500 గ్రాముల నత్రజని, 350 భాస్వరం, 400 పొటాష్. నత్రజని అంతా యూరియాతోనే ఇయ్యకు, సగమే ఇయ్యి: యూరియా కిలో 600 గ్రాములు, జనవరి, జూన్‌లల్ల రెండు సార్లుగ. మిగతా సగానికి 75 కిలోల పశువుల ఎరువు, ఎనిమిది కిలోల ఆముదపు చెక్క.

ఎండు పుల్లలు కాయ కోసినంకనే తియ్యి, పచ్చి దాకా ఒక అంగుళం లోపలికి కొయ్యి. అంటు కింద లేచిన చిగుర్లు ఎప్పుడు కనపడితే అప్పుడే గిల్లెయ్యి. వానలకు ముందు బోర్డో పేస్టు: కిలో మైలుతుత్తం అయిదు లీటర్లల్ల, కిలో సున్నం ఇంకో అయిదు లీటర్లల్ల కలిపి, రెండూ ప్లాస్టిక్ డ్రమ్ములనే కలుపు, ఇనుపది వద్దు. మొదలు నుంచి మూడడుగుల ఎత్తు దాకా పుయ్యి.

పూత కోసం డిసెంబరుల బెట్ట పెట్టేటప్పుడు, అంటే నీళ్లు ఆపేటప్పుడు, పక్క తోటోళ్లను చూసి పెట్టకు. అది ఎనిమిదేండ్ల తోట కావచ్చు. నీ చెట్టు ఆకు వాలంగనే తడి ఇయ్యి. పూత కొంచెం తగ్గినా చెట్టు నిలుస్తది. ఏడాదిల వచ్చే రెండు కాపులు, సీజన్ కాపు, కత్తెర కాపు, రెండూ ఒక్క చెట్టు మీద ఆశపడకు.

చచ్చిన చెట్ల గుంతలల్ల అప్పుడే కొత్త మొక్క పెట్టకు. పాత వేర్లన్నీ ఏరి, గుంతను ఒక ఎండాకాలం ఎండనియ్యి. మొక్క రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంటుమొక్కే కావాలె, కొండమల్లేపల్లి పరిశోధన స్థానంల అడుగు.

ఎండల తిరిగితే నీకు తలనొప్పి వస్తదని నాకు ఎరుకే. పొద్దుగాలే పో, పార తీసుకపో. వేరు చూసినంకనే నాకు ఫోన్ చెయ్యి, పైసల ముచ్చట ఆ తర్వాత.

నీ మేనమామ