కాగితం తెచ్చుకున్న పెద్దన్నను చంపకు

ప్రియమైన తమ్ముడికి వందనాలు.

నీ నవల మొత్తం చదివాను. రోమన్ చక్రవర్తి డీసియస్ కాలం, ఈజిప్టులో ఒక చిన్న ఊరు, అందులో ఒక క్రైస్తవ విశ్వాసుల కుటుంబం. హనుమకొండలో కూర్చుని అంత దూరం పోయి రాయాలనుకోవడమే నాకు నచ్చింది. చెల్లెలి జైలు భాగం బాగా వచ్చింది, దాన్ని ముట్టుకోకు. నా బాధంతా పెద్దన్న గురించి. బలి అర్పించి కాగితం తెచ్చుకున్నాడని ఏడో అధ్యాయంలో అతన్ని యేసును పట్టించిన యూదాను చేశావు, ఎనిమిదో అధ్యాయంలో జ్వరం తెప్పించి చంపేశావు. దాంతో నీకు పని తేలికైంది కానీ కథ అక్కడే ఆగిపోయింది.

ఆ కాగితం దగ్గర ఇంకొంచెంసేపు నిలబడు. క్రీ.శ. 250లో వచ్చిన ఆజ్ఞ ప్రకారం జనం అధికారుల ముందుకు వచ్చి, దేవతలకు పానార్పణ పోసి, బలి మాంసం రుచి చూసి, ధ్రువపత్రం రాయించుకోవాలి. అట్లాంటి పత్రాలు ఈజిప్టులో నలభైకి పైగానే దొరికాయి. వాటిలో ఒకటి ఆరేలియస్ డయోజెనీస్ అనే 72 ఏళ్ల ముసలాయనది, కుడి కనుబొమ్మ మీద మచ్చ ఉందని ఆయన గుర్తు కూడా రాశారు. ఆయన క్రైస్తవుడో కాదో ఆ కాగితం చెప్పదు. నేనెప్పుడూ దేవతలకు బలులు ఇస్తూనే ఉన్నానని అందులో ఒక మాట ఉంటుంది, అందరి పత్రాల్లోనూ దాదాపు అదే మాట. వరుసలో ముందు నిలబడ్డ పక్కింటాయనకు అది నిజం, మీ పెద్దన్నకు అబద్ధం. రాసే గుమాస్తాకు మాత్రం తేడా ఏమీ తెలియదు, మచ్చ ఎక్కడుందో చూసి రాసుకుంటాడు, తర్వాతివాణ్ణి పిలుస్తాడు. ఈ సీన్ నీ నవలలో లేనేలేదు, వచ్చి కాగితం చూపించాడని ఒక్క లైనులో దాటేశావు!

251లో డీసియస్ యుద్ధంలో చచ్చాడు. హింస తగ్గింది, అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది, ఎందుకంటే హింసకు భయపడి విశ్వాసంలో పడిపోయినవాళ్లు వేలకొద్దీ మళ్లీ సంఘం గుమ్మం ముందు నిలబడ్డారు, వాళ్లలో బలి ఇచ్చినవాళ్లున్నారు, బలి ఇవ్వకుండా డబ్బిచ్చి పత్రం కొనుక్కున్నవాళ్లూ ఉన్నారు. రోములో నొవేషియన్ అనే సంఘ పెద్ద వాళ్లను చేర్చుకోవద్దన్నాడు. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ బిషప్ సిప్రియన్ పశ్చాత్తాపం చూసి చేర్చుకోవచ్చన్నాడు. ఆ సిప్రియన్ కూడా హింసలో దాక్కున్నవాడే, అందుకు మాటలు పడ్డాడు, తర్వాత 258లో తల నరికించుకుని, విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన హతసాక్షి అయ్యాడు. దాక్కున్నదీ ఆయనే, నిలబడ్డదీ ఆయనే. మనుషులను నువ్వు ఒక్క రోజు చూసి తేల్చేస్తున్నావు తమ్ముడూ. పెద్దన్నను బతకనివ్వు. చెల్లెలు జైలు నుంచి ఇంటికి వస్తే ఆమెకు అన్నం పెట్టేది ఎవరు, ఆ రాత్రి ఇద్దరూ ఒకే గదిలో ఎట్ల పడుకున్నారు, రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరికి ఆమె వెళ్తుంటే అతను ఎక్కడ నిలబడ్డాడు, అది రాయి.

తండ్రిని కూడా దుర్మార్గుణ్ణి చేయకు. 203లో కార్తేజ్ జైల్లో ఉన్న పెర్పెటువా తన మాటల్లోనే రాసిపెట్టింది, చంటిబిడ్డ తల్లి ఆమె. విశ్వాసి కాని తండ్రి జైలుకొచ్చి, కూతురి చేతులు ముద్దుపెట్టుకుని, కాళ్ల మీద పడి ఏడ్చాడు. ఆయన ప్రేమే ఆమెకు పెద్ద శోధన. అది చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది.

మన దగ్గర కూడా చూసి నేర్చుకోవడానికి ఉంది. మేడారం జాతర నుంచి వచ్చిన పక్కింటామె ఎంతో ప్రేమతో అమ్మవార్లకు పెట్టిన బంగారం, అదే బెల్లం, తెచ్చి విశ్వాసుల ఇంట్లో చేతికివ్వబోతుంది. ఇక్కడ హింస లేదు, పగ లేదు, ఏళ్ల స్నేహం ఉంది. తీసుకోవాలా వద్దా అని ఆ తల్లి చేయి ఒక్క క్షణం ఆగుతుంది, పక్కింటామె మనసు నొప్పించకుండా ఏం మాట్లాడాలో వెతుక్కుంటుంది. పల్లె సంఘాల్లోని పెద్దమ్మల దగ్గర కూర్చుని ఇట్లాంటివి అడుగు, బాప్తిస్మం తీసుకున్న రోజు ఇంట్లో ఎవరు అన్నం తినలేదో అడుగు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు ఈజిప్టుకు మోసుకుపోవద్దు, చేయి ఆగిన ఆ క్షణం మాత్రం పట్టుకుపో.

చిన్నవి కొన్ని. గుడి గంటలు, బెంచీలు తీసెయ్, వాళ్లు ఇళ్లలో కూడుకునేవాళ్లు. ఆదివారం సెలవు కాదు, అది 321లో కాన్‌స్టంటైన్ ఇచ్చింది, కాబట్టి మీ వాళ్లు తెల్లారకముందే ప్రార్థన చేసుకుని పనికి పోవాలి. ఇంకోటి, తల్లి "ఓ నా కుమారుడా" అంటుంటే ఆమె మొహం నాకు కనబడటం లేదు. మీ అమ్మ నిన్ను ఎట్ల పిలుస్తుందో అట్లనే పిలవనివ్వు, "తిన్నవా బిడ్డా" అననివ్వు.

ఏడు, ఎనిమిది అధ్యాయాలు మళ్లీ రాసి పంపు. క్రిస్మస్ లోపల అయితే మంచిది, తర్వాత నేను కూతురి దగ్గరికి కరీంనగర్ పోతున్నాను.

మీ అన్న