బండి బాగోగులు: క్రౌన్ మార్చాలంటున్నారు, అంత ఖర్చు అవసరమా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వెనక హౌసింగ్ (వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల పెట్టె) గురించే. అవీ రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల నుంచే. ఘాట్ రోడ్లు, వాగులు, సంత రోజున పైదాకా సరుకు వేసుకునే అలవాటు. మూడూ ఉన్న చోట క్రౌన్ పీనియన్‌కు పని పడకుండా ఉండదు. హౌసింగ్‌లోని పెద్ద పళ్ల చక్రం క్రౌన్, దాన్ని తిప్పే చిన్నది పీనియన్, రెండూ కలిపి సెట్టు.

ప్రశ్న: మాది బొలెరో. పార్వతీపురం, మునిగుడ వైపు అద్దెకు తిప్పుతాం. 50 దాటితే వెనక నుంచి ఊళ వేసినట్టు శబ్దం. ఒక షెడ్డులో సెట్టు 8 వేలు, కూలి 3 వేలు, మొత్తం 11 వేలన్నారు. ఇంకో షెడ్డులో 22 వేలు చెప్పారు. ఒకే పనికి రెట్టింపు తేడా ఏమిటండీ? (రాయగడ)

జవాబు: ఒకే పని అయ్యుండదు. మీరు రాసిన 11 వేల లెక్కలో పళ్లు తప్ప మరేమీ లేవు. పీనియన్‌కు రెండు బేరింగులు, డిఫరెన్షియల్‌కు (క్రౌన్ బిగించి ఉండే, రెండు చక్రాలకూ తిప్పుడు పంచే భాగం) అటూ ఇటూ రెండు, పీనియన్ ఆయిల్ సీల్, పీనియన్ నట్టు, బేరింగుల మధ్య నలిగే స్లీవ్, క్రౌన్ బోల్టులు, గేర్ ఆయిల్. ఇవన్నీ విడిగా కొనాల్సినవే. నాలుగు బేరింగులు మంచి కంపెనీవి తీసుకుంటే సెట్టు ధరలో సగం దాకా తేలిగ్గా పోతుంది. అక్కడే చాలామంది చెయ్యి బిగిస్తారు. పాత పళ్లు అరగడానికి కారణం చాలాసార్లు ఆ బేరింగులే. బేరింగు అరిగితే పీనియన్ కదులుతుంది, కదిలితే పంటి మీద పంటి ఒరిపిడి చోటు మారుతుంది. పాత బేరింగుల మీద కొత్త పళ్లు ఎక్కిస్తే కొన్నాళ్లకు మళ్లీ అదే ఊళ. అప్పుడు 11 వేలు రెండుసార్లు కట్టినట్టే.

స్పేర్ పార్టులపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం. అంతకుముందు చాలా పార్టులపై 28 ఉండేది. ఈ రేటు ఒడిశాలోనూ ఆంధ్రలోనూ ఒకటే. పన్ను కలిసొస్తుందని విజయనగరం దాకా వెళ్లి కొననక్కర్లేదు. బిల్లు మాత్రం తీసుకోండి.

ఖర్చు సంగతి తర్వాత, ముందు అది క్రౌన్ శబ్దమేనా చూడండి. చదునైన తారురోడ్డు మీద 60లో వెళ్తూ ఒకసారి యాక్సిలరేటర్ నొక్కండి, ఒకసారి వదలండి, ఒకసారి న్యూట్రల్ చెయ్యండి. నొక్కినప్పుడు, వదిలినప్పుడు శబ్దం మారితే క్రౌన్ పీనియన్ మీద అనుమానం నిలుస్తుంది. ఏం చేసినా ఒకేలా గరగరమంటే బేరింగు. తారు నుంచి సిమెంటు రోడ్డుకు ఎక్కగానే శబ్దం మారితే అది టైరు, హౌసింగ్ జోలికి పోవద్దు. మలుపు తిరిగేటప్పుడే వస్తే స్టార్ గేర్లు (డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లు) గానీ హబ్ బేరింగు గానీ. గేరు వేయగానే టక్కుమంటే ముందు జాయింట్ క్రాసులు (ఇంజిన్ వైపు నుంచి హౌసింగ్‌కు వచ్చే జాయింట్ షాఫ్ట్ కీళ్లు) చూడమనండి, వాటితో పోయేది చాలా తక్కువ ఖర్చు.

ప్రశ్న: చిన్న షెడ్డు నడుపుతున్నాను. ఒక బండికి కొత్త సెట్టు వేస్తే శబ్దం తగ్గలేదు. సెట్టు నకిలీదేమోనని ఇంకొకటి తెప్పించి వేశాను, అదీ అంతే. బేరింగులు కొత్తవే. పాత షిమ్ములే (గేర్ల దూరం సరిచేసే పలచని రింగులు) వేశాను. తప్పు ఎక్కడ? (జయపురం)

జవాబు: ఎక్కువ అనుమానం షిమ్ముల మీదే. పాత షిమ్ము పాత పీనియన్ లెక్కకు పెట్టింది. అది కొత్తదానికి సరిపోయిందా అన్నది రంగు పూసి పళ్ల మీద పడే ముద్ర చూస్తేగానీ తెలియదు.

మొదట, క్రౌన్ మీదా పీనియన్ మీదా చెక్కిన జత నంబరు ఒకటేనా చూడండి. రెంటినీ కలిపి నూరి జత చేస్తారు. నంబరు కలవకపోతే ఎంత సెట్ చేసినా శబ్దం పోదు, వెనక్కిచ్చేయండి. క్రౌన్ కూర్చునే ముఖం మీద గరుకు, చెత్త లేకుండా ఆయిల్ రాయితో రుద్దండి. క్రౌన్ బిగుతుగా ఉంటే వేడి ఆయిల్లో ఉంచి ఎక్కించాలి, సుత్తితో కొట్టకూడదు, గ్యాస్ మంట పెట్టకూడదు. బోల్టులు కొత్తవి, లాకింగ్ జిగురుతో, ఎదురెదురుగా బిగించాలి.

తర్వాత పీనియన్ ప్రీలోడ్, అంటే దాని బేరింగులకు ముందే పెట్టే బిగువు. నలిగే స్లీవ్ ఉన్న రకమైతే పొడుగు పైపు వేసి నట్టును కొద్దికొద్దిగా బిగిస్తూ ప్రతిసారీ కొలవాలి. తేలికపాటి బండ్లలో కొత్త బేరింగులకు తిరగడానికి పట్టే బలం సాధారణంగా 1.7 నుంచి 3.4 న్యూటన్ మీటర్లు. మీ బండి మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే ఖాయం. టార్క్ మీటరు లేకపోతే స్ప్రింగ్ త్రాసు చాలు: ఫ్లాంజ్ (పీనియన్‌కు జాయింట్ షాఫ్ట్ బిగించే పళ్లెం) బోల్టు కన్నం మధ్య నుంచి 4 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, దానికి తగిలించి లంబంగా లాగినప్పుడు 6 కిలోల దగ్గర చూపితే సుమారు 2.4 న్యూటన్ మీటర్లు. తిరుగుతున్నప్పటి అంకె తీసుకోవాలి, కదలడం మొదలెట్టిన క్షణానిది కాదు. ఇది డిఫరెన్షియల్ ఎక్కించకముందే చూడాలి. నట్టు మోతాదు మించి బిగిస్తే వెనక్కి వదిలి సరిపెట్టే వీల్లేదు, నలిగిన స్లీవ్ మళ్లీ లేవదు. కొత్తది వేసి మొదటి నుంచి మొదలెట్టాలి. అందుకే స్లీవులు రెండు మూడు తెచ్చుకుని కూర్చోవడం మంచిది.

బ్యాక్‌లాష్, అంటే క్రౌన్, పీనియన్ పళ్ల మధ్య ఉండాల్సిన సందు, చేతి అంచనాతో పెట్టే పని కాదు, డయల్ గేజ్ కావాలి. చాలా తేలికపాటి బండ్లలో 0.13 నుంచి 0.20 మి.మీ. మధ్య ఉండాలి. క్రౌన్ చుట్టూ నాలుగు చోట్ల కొలవండి. ఒకచోట 0.13, ఇంకోచోట 0.25 వస్తే క్రౌన్ సరిగ్గా కూర్చోలేదని. క్రౌన్‌ను పక్కకు 0.10 మి.మీ. జరిపితే బ్యాక్‌లాష్ సుమారు 0.07 మారుతుంది. ఈ లెక్క తెలిస్తే షిమ్ము కోసం పదిసార్లు విప్పే శ్రమ తప్పుతుంది.

ఇక అసలు పరీక్ష. క్రౌన్ నాలుగైదు పళ్లకు మార్కింగ్ బ్లూ (ముద్ర తెలిసే నీలి రంగు) పలచగా పూసి, క్రౌన్‌కు చెక్క అడ్డం పెట్టి కాస్త బరువు పడేలా పట్టుకుని, పీనియన్‌ను అటూ ఇటూ తిప్పండి. పంటి మధ్యలో నిండుగా ముద్ర పడాలి. ముద్ర పంటి కొన దగ్గర పడితే పీనియన్ క్రౌన్‌కు దూరంగా ఉంది, తల వెనక షిమ్ము మందం పెంచాలి. పంటి మొదట్లో పడితే మరీ లోపలికి వెళ్లింది, మందం తగ్గించాలి. ముద్ర పంటి లోపలి చివర, అంటే క్రౌన్ మధ్యకు దగ్గరగా పడితే క్రౌన్‌ను పీనియన్ నుంచి దూరం జరపాలి. బయటి చివర పడితే దగ్గరకు. పీనియన్ షిమ్ము 0.05 మి.మీ. మారినా ముద్ర మారిపోతుంది. మార్చిన ప్రతిసారీ బ్యాక్‌లాష్ మళ్లీ చూసుకోవాలి, ఎందుకంటే రెండూ ఒకదాన్నొకటి లాగుతాయి.

పని ఇంతుంది కాబట్టే మూడు వేల కూలికి ఒక్క పూటలో చేసిస్తామంటే మాకు నమ్మకం కలగదు. ముద్ర వచ్చాక ఫోన్‌లో ఫొటో తీసి బండి యజమానికి చూపించండి, కూలి అడగడానికి మీకు ధైర్యం ఉంటుంది.

బండి ఇచ్చేటప్పుడు చెప్పాల్సినవి: మొదట 25 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి చల్లారనివ్వాలి. 800 కిలోమీటర్ల దాకా బరువు వద్దు, ఇంకో బండిని లాగొద్దు. ఆపైన ఆయిల్ మార్చాలి.

ప్రశ్న: సుంకి ఘాట్ దిగుతున్నప్పుడే, గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే వెనక నుంచి గుయ్‌మంటోంది. సాలూరు నుంచి పైకి ఎక్కేటప్పుడు ఏమీ లేదు. (కొరాపుట్)

జవాబు: ఇంజిన్ లాగుతున్నప్పుడు పీనియన్ క్రౌన్ నుంచి దూరంగా, ముందుకు నెట్టుకుంటుంది. చక్రాలు ఇంజిన్‌ను తిప్పుతున్నప్పుడు, అంటే దిగేటప్పుడు, క్రౌన్ వైపు లోపలికి లాగుకుంటుంది. ఆ లాగుడు ఆపేది ముందువైపు పీనియన్ బేరింగు. మీ శబ్దం దిగేటప్పుడే కాబట్టి ముందు ఆ బేరింగునూ, పీనియన్ నట్టునూ అనుమానించాలి. జాయింట్ షాఫ్ట్ విప్పి ఫ్లాంజ్‌ను ముందుకూ వెనక్కూ లాగి చూడండి. కాస్తయినా ఆడితే వెంటనే విప్పించండి. ఇప్పుడైతే బేరింగులు, సీల్, స్లీవ్‌తో పోవచ్చు. అలాగే ఘాట్ దిగుతూ పోతే పళ్ల వెనక ముఖం తినేసి సెట్టు ఖర్చు కూడా తోడవుతుంది. ఒక్క హెచ్చరిక: ఎవరైనా నట్టు ఇంకో పావు చుట్టు బిగిస్తే చాలంటే ఒప్పుకోవద్దు. శబ్దం కొన్నాళ్లు ఆగుతుంది, బేరింగు కాలిపోతుంది.

ప్రశ్న: వంశధార అవతలి ఊళ్లకు వాగుల్లోంచే వెళ్లాలి. ఈ వానాకాలం తర్వాత హౌసింగ్ ఆయిల్ చూస్తే పాలు కలిపిన టీలా ఉంది. సీల్స్ కొత్తవే. (గుణుపురం)

జవాబు: కొత్త సీల్ ఉన్నా నీళ్లు వెళ్తాయి. నడిచి వేడెక్కిన హౌసింగ్ చల్లని వాగులో దిగగానే లోపలి గాలి కుంచించుకుంటుంది. పైన ఉండే బ్రీదర్ (గాలి ఆడే చిన్న రంధ్రం) బురదతో మూసుకుపోతే ఆ లాగుడు సీల్ అంచుల మీద పడి నీటిని లోపలికి పీలుస్తుంది. అదే మూసిన బ్రీదర్ వేడిలో ఆయిల్‌ను బయటికి తోస్తుంది. హబ్ సీల్ దాటితే బ్రేక్ షూలు తడుస్తాయి.

ఆయిల్ మొత్తం వేడిగా ఉన్నప్పుడే దించి, కొత్తది పోసి ఒక పది కిలోమీటర్లు తిప్పి మళ్లీ దించండి, ఆపై అసలుది పోయండి. కిరసనాయిలు, డీజిలుతో కడగొద్దు. ఆయిల్ జీఎల్-5 రకం, బరువు లాగే బండికి మాన్యువల్ ఒప్పుకుంటే 85డబ్ల్యూ-140, లేదంటే 80డబ్ల్యూ-90. గేర్‌బాక్సులో మిగిలిన జీఎల్-4 వాడొద్దు. క్రౌన్ పళ్లు ఒరుసుకుంటూ జారుతాయి, ఆ ఒత్తిడికి అది ఆగదు. చదును నేల మీద నింపే రంధ్రం అంచు దాకా ఉండాలి. దించేటప్పుడు బిరడా అయస్కాంతం చూడండి. బూడిదరంగు ముద్ద మామూలే. పెచ్చులు, గింజల్లాంటి ముక్కలు ఉంటే విప్పాల్సిందే. బ్రీదర్‌కు రబ్బరు గొట్టం తగిలించి ఛాసిస్ పైకంటా కట్టేయండి, ఖర్చు లేని పని.

ప్రశ్న: స్విఫ్ట్ కారు. వెనక చక్రం దగ్గర శబ్దం. క్రౌన్ పోయిందన్నారు. (పర్లాకిమిడి)

జవాబు: మీ కారుకు వెనక క్రౌనే లేదు. ముందు చక్రాలతో నడిచే బండి, క్రౌన్ గేర్‌బాక్సులోనే ఉంటుంది. వెనక హబ్ బేరింగు చూపించండి, షెడ్డు కూడా మార్చండి.

ప్రశ్న: పాత అంబాసిడర్‌లో పీనియన్ పన్ను ఒకటి విరిగింది. పీనియన్ ఒక్కటే వేస్తే? వెల్డింగ్ చేసి గ్రైండ్ చేస్తామంటున్నారు. (పర్లాకిమిడి)

జవాబు: రెండూ వద్దు. పంటి గట్టిదనం పైపొరలోనే, సుమారు ఒక మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది. వెల్డింగ్ వేడికి అది పోతుంది. పీనియన్ ఒక్కటే వేస్తే పైన చెప్పిన జత సమస్య. 2014లో ఆ కారు తయారీ ఆగిపోయింది కాబట్టి కొత్త సెట్టు వెతుక్కోవాలి. మీకు కలిసొచ్చేది ఏమిటంటే, అంబాసిడర్ డిఫరెన్షియల్ యాక్సిల్స్ లాగేస్తే ముందు నుంచి మొత్తంగా ఊడి వస్తుంది. పాత బండి నుంచి సెట్ చేసి ఉన్న క్యారియర్‌ను (క్రౌన్, పీనియన్ బిగించి ఉండే గూడు) యథాతథంగా తెచ్చి ఎక్కించడం చౌక, త్వరగా అవుతుంది. కొనే ముందు క్రౌన్ పళ్లు, పీనియన్ పళ్లు లెక్కపెట్టి మీ పాతదానితో పోల్చండి. ఫ్లాంజ్‌ను చేత్తో తిప్పితే క్రౌన్ చుట్టంతా ఒకే బిగువుతో తిరగాలి, మధ్యలో పట్టేస్తే వదిలేయండి. మీ యాక్సిల్ తీసుకెళ్లి దాని స్ప్లైన్లు (చివర ఉండే గాడి పళ్లు) అందులో దూరుతున్నాయో లేదో అక్కడికక్కడే చూసి, ఆపైనే డబ్బివ్వండి.