క్రైస్తవులయ్యాక ఐస్‌లాండ్ వాళ్లు పగలూ ప్రతీకారాలూ మానేశారా?

మానలేదు. "ఒక చెంప మీద కొడితే రెండోది చూపమనే మతం పుచ్చుకున్నాక కూడా నార్స్ జనం (వైకింగుల జాతి) ఒకళ్లనొకళ్లు నరుక్కోవడమేమిటి?" అని అడిగారు. వెబ్ సిరీస్‌లు చూస్తే వచ్చే అనుమానమే ఇది. వాటిలో ఒక పక్క శిలువ పట్టుకున్న సన్యాసి, ఇంకో పక్క గొడ్డలి పట్టుకున్న, పాత మతపు దేవుడు ఓడిన్ భక్తుడు ఉంటారు. అసలు మనుషులు మాత్రం రెండూ పట్టుకునే తిరిగారు.

ముందు మతం మారిన తీరు చూడండి. 999లోనో 1000లోనో, ఏటా జరిగే దేశపు మహాసభ ఆల్థింగ్‌లో, చట్టం చదివి వినిపించే థోర్‌గేర్ ఒక పగలూ ఒక రాత్రీ ముసుగు తన్ని పడుకుని, లేచి, అందరూ బాప్తిస్మం తీసుకోవాలని తీర్పు చెప్పాడు. పాత పద్ధతి వాళ్లకు కొన్ని మినహాయింపులిచ్చాడు: గుర్రం మాంసం తినొచ్చు, పుట్టిన బిడ్డను చావుకు వదిలేసే ఆచారం ఉంచుకోవచ్చు, చాటుగా బలులిచ్చుకోవచ్చు, సాక్షులు దొరికితే మాత్రం శిక్ష. గుర్రం మాంసం దాకా బేరం సాగింది గానీ పగ ఊసే రాలేదు. ఎలా వస్తుంది? దేశానికి రాజు లేడు. కోర్టులో గెలిచినా శిక్ష అమలు చేసుకోవలసింది గెలిచినవాడే. పగ తీసేస్తే చట్టానికి చేతులుండవు.

వాళ్ల చట్టాల సంపుటి గ్రాగాస్ తీయండి. బిడ్డకు బాప్తిస్మం ఎలా ఇప్పించాలి, ఏ రోజుల్లో ఉపవాసం ఉండాలి అన్నీ అందులోనే ఉన్నాయి. గాయపడ్డవాడు తర్వాతి ఆల్థింగ్ లోపు తనను కొట్టినవాణ్ని చంపొచ్చన్న హక్కూ అందులోనే ఉంది. మచ్చ పడని దెబ్బకైతే అక్కడికక్కడే తీర్చుకోవాలి, ఇంటికెళ్లి ఆలోచించుకుని రావడం కుదరదు.

ఇక కథల సంగతి. 1280 ప్రాంతంలో రాసిన ఐస్‌లాండ్ గాథ న్యాల్ సాగాలో ఆముండి అనే గుడ్డివాడున్నాడు, పుట్టుగుడ్డి. కథానాయకుడు న్యాల్‌కు పెళ్లి బయట పుట్టిన కొడుకు హోస్కుల్డ్ ఇతని తండ్రి. ఆ హోస్కుల్డ్‌ను లీటింగ్ అనేవాడు చంపి, 200 వెండి (ఒక ప్రాణానికి ఈ కథలో మామూలు రేటు) పరిహారం కట్టాడు. డబ్బు తాతకూ బాబాయిలకూ ముట్టింది, ఆముండికి దమ్మిడీ రాలేదు. దేశం క్రైస్తవమయ్యాక ఒక జిల్లా సభలో ఆముండి, చెయ్యి పట్టి నడిపించుకుంటూ, లీటింగ్ గుడారానికి వెళ్లి, నా వాటా ఏదని అడిగాడు. "మొత్తం కట్టేశాను, నా తమ్ముళ్ల చావులకు మాత్రం నాకెవరూ ఏమీ ఇవ్వలేదు" అన్నాడు లీటింగ్. లెక్క ప్రకారం అతని మాట తప్పు కాదు. "దేవుడి ముందు ఇది న్యాయం కాదు, నాకు కళ్లుంటే డబ్బో ప్రాణమో తీసుకునేవాణ్ని, మన మధ్య దేవుడే తేల్చాలి" అని ఆముండి బయటికి నడిచాడు. గుడారం గుమ్మం దగ్గర వెనక్కి తిరిగేసరికి కళ్లు తెరుచుకున్నాయి. "ప్రభువుకు స్తోత్రం, ఆయన ఇష్టమేమిటో ఇప్పుడు తెలిసింది" అంటూ లోపలికి ఉరికి, లీటింగ్ నెత్తిన కొట్టిన దెబ్బకు గొడ్డలి వెనక మొద్దు దాకా దిగింది. మళ్లీ గుమ్మం దగ్గరకు, కళ్లు తెరుచుకున్న చోటికే వచ్చాడు. అక్కడే మూసుకుపోయాయి. మరి తెరుచుకోలేదు.

సువార్తలో గుడ్డివాడికి చూపొచ్చే ఘట్టాన్ని తీసుకొచ్చి హత్యకు వాడుకున్నాడీ రచయిత. ఇది వ్యంగ్యమని, రచయిత పగను ఖండిస్తున్నాడని వాదించేవాళ్లున్నారు. నాకు ఒక్క ముక్క కూడా ఒప్పదు. కథలో న్యాల్ అంతటి వివేకి ఆముండిని తప్పుపట్టడు, రాసిపెట్టి ఉన్నది జరిగిందంటాడు. లీటింగ్ చావుకు కట్టాల్సిన పరిహారంలో కూడా సగం కొట్టేశారు.

అదే సాగాలో హిల్డిగున్ అనే ఆవిడ కూడా అంతే. ఆమె భర్త పేరూ హోస్కుల్డే (ఈ సాగాలో పేర్లు మనల్ని పిచ్చివాళ్లను చేస్తాయి, చుట్టరికాల పటం గీసుకోకుండా మొదలెట్టకండి). న్యాల్ పెంచి పెద్ద చేసిన ఈ హోస్కుల్డ్ పొలంలో విత్తనాలు చల్లుతుంటే న్యాల్ కొడుకులే నరికారు. "దేవుడు నాకు తోడుండుగాక, మిమ్మల్ని క్షమించుగాక" అని పోయాడు. అచ్చమైన క్రైస్తవ మరణం. హిల్డిగున్ అతని అంగీతో రక్తమంతా తుడిచి, మడిచి, పెట్టెలో దాచింది. బాబాయి ఫ్లోసి భోజనానికి వచ్చినరోజు దాన్ని తీసి అతని మీద కప్పింది, గడ్డకట్టిన రక్తం పెళ్లలు పెళ్లలుగా రాలింది. "నీ క్రీస్తు మహిమల మీద ఒట్టు, నీ మగతనం మీద ఒట్టు" అని పగ కోరింది. భర్త క్షమించి పోయిన అదే దేవుడు ఆమె నోట ఒట్టయ్యాడు.

అయినా ఫ్లోసి రాజీకే వచ్చాడు. మధ్యవర్తులు మూడింతలు, అంటే 600 వెండి, విధించి అందులో సగం తామే భరించారు. కుప్ప పోశాక న్యాల్ దాని మీద ఒక పట్టు అంగీ, బూట్లు పెట్టాడు. ఎవరిచ్చారని ఫ్లోసి అడిగితే ఎవరూ పలకలేదు. మాటా మాటా పెరిగింది, న్యాల్ మగవాడో ఆడదో అని ఫ్లోసి అన్నదాకా పోయింది. అంతే, ఫ్లోసి వెండిని కాలితో తన్నేశాడు. చివరికి న్యాల్ ఇల్లు తగలబెట్టేముందు "మనమూ క్రైస్తవులమే, దేవుడి ముందు ఇది పెద్ద భారం" అన్నాడు. అన్నాడు, తగలబెట్టాడు. తర్వాత రోమ్ వెళ్లి పోప్ దగ్గరే పాపవిమోచన తెచ్చుకున్నాడు, చాలా డబ్బు పోసి.

క్రైస్తవం తెచ్చిన నిజమైన మార్పు ఒక్కటే: డబ్బు కూడా అడక్కుండా వదిలేసినా పరువు పోని దారి. తొలినాళ్లలోనే బాప్తిస్మం తీసుకున్న సీదా అనే ఊరి పెద్ద హాల్, ఆల్థింగ్ కొట్లాటలో కొడుకును పోగొట్టుకుని, నాకు పరిహారం వద్దు, రాజీ పడదామన్నాడు. సభలో వాళ్లంతా చందాలేసి 800 వెండి, నాలుగింతలు, అతని చేతిలో పెట్టారు. గమనించండి, క్షమకు కూడా రేటు కట్టే గౌరవించారు!

పగకు పగ్గం పడింది రాజు వచ్చాకే. 1262–64లో ఐస్‌లాండ్ నార్వే రాజుకు లొంగింది, 1271లో ఒకటి, 1281లో యోన్స్‌బోక్ అనే ఇంకొకటి కొత్త చట్టాలొచ్చాయి, శిక్షించే పని రాజు మనుషుల చేతికి పోయింది. ప్రాయశ్చిత్తాలతో పని జరిగేదైతే ఐస్‌లాండ్ నాయకుడు స్టుర్లా సిగ్వాట్సన్ మారాలి. రోమ్‌లో గుడి గుడి ముందూ కొరడా దెబ్బలు తిని వచ్చినవాడు, మళ్లీ యుద్ధాలకే దిగి 1238లో ఓర్లిగ్స్‌స్టాదిర్‌లో చచ్చాడు.

న్యాల్ సాగా మొత్తం చదివే ఓపిక లేకపోతే 106, 116, 123, 145 అధ్యాయాలు ఈ వరసలోనే చదవండి.